అన్నయ్య పాట ఆగిన చోట

కూపర్స్ గ్యాప్, టెనెసీ
ఫిబ్రవరి

అన్నయ్యా,

ముందు కుర్చీలో కూర్చో. చేతిలో కాఫీ ఉంటే మాజెల్ వదినకి ఇచ్చెయ్. ఇచ్చావా? సరే, చెప్తున్నా. నేను రికార్డు చేస్తున్నాను.

అవును, నీ చెల్లెలే. బడి వంటింట్లో పిల్లలకి బీన్సు వడ్డిస్తూ ఇన్నేళ్లూ నాలో నేను గొణుక్కున్న పాటలే. రాసింది నేనే, పాడేది నేనే, గిటారు నాదే. కంపెనీ గింపెనీ ఏమీ లేదు. కీఫర్ అని ఒకాయన ఉన్నాడు, గడ్డం బొత్తాల కిందికి దిగి ఉంటుంది. పొగాకు ఆరబెట్టే పాత కొట్టంలో మైకులు పెట్టుకుని మాలాంటి వాళ్లకి రికార్డులు చేసిపెడతాడు. నాష్‌విల్ పాటల కంపెనీల్లో ఎవరూ లోపలికి రానివ్వనివాళ్లకి ఆ కొట్టమే దిక్కు.

అసలు విషయం ఇప్పుడు. ఆఖర్న అమ్మ పాట పెట్టాలనుకున్నా. చిక్కుడు చేలో ఆ చివర అమ్మ నిలబడి లైను అందిస్తే ఈ చివర మనిద్దరం అందుకుని పాడేవాళ్లం, అదే. గుడిలో ఆడవాళ్లు లైను అందించకూడదు కాబట్టి పాపం ఆవిడకి ఆ చేనే గుడి. కీఫర్‌కి ఇదంతా చెప్పడానికి ఒక పూట పట్టింది. "మా దగ్గర పాటల పుస్తకంలో రాగాలుండవయ్యా. ఒకాయన లైను గబగబా అందిస్తాడు, సంఘమంతా అదే లైనుని కొండ మీద పొగమంచులాగా సాగదీసి పాడుతుంది, మళ్లీ ఆయన ఇంకో లైను అందిస్తాడు" అంటే, "అయితే ఇద్దరుండాలన్నమాట" అన్నాడు. అదీ చిక్కు. నాకు అందుకోవడమే వచ్చు. అందిద్దామని నోరు తెరిస్తే నా గొంతు నన్నే "ఎవరే నువ్వు?" అని అడుగుతోంది.

అమ్మ పోయాక ఆ పాట లోకంలో ఇద్దరికే వచ్చు. నువ్వొచ్చి లైను అందించాలి.

నీ సంఘం సంగతి నాకు తెలీదనుకోకు. వాద్యం తగిలిన పాట పాడినవాణ్ణి మళ్లీ ప్రసంగానికి నిలబడనివ్వరు. నిలబడటం నీకెంతో నాకు తెలుసు. అయినా అడుగుతున్నా. అడక్కపోతే అమ్మ కలలోకొచ్చి గరిటె పుచ్చుకుంటుంది.

నీ డెల్ఫా


లిక్ ఫోర్క్ లోయ, కెంటకీ
మార్చి

ప్రభువునందు నా సొంత చెల్లెలూ, దారి తప్పిన గొర్రెపిల్లా అయిన డెల్ఫాకు,

కృపయు సమాధానమును నీకు కలుగును గాక. సమాధానం ముందుగా కలగాలి, ఎందుకంటే నీ ఉత్తరం చదివాక నాకు అది లేదు.

డెల్ఫా! మొట్టమొదట సితారా పట్టుకున్నవాడు ఎవడు? యూబాలు. ఎవడి వంశం? కయీను వంశం. అన్నదమ్ముణ్ణి చంపినవాడి మనవల మనవళ్లు తంతులు బిగించారమ్మా! నెబుకద్నెజరు బంగారు బొమ్మని నిలబెట్టి, దాని ముందు జనాన్ని సాగిలపడమన్నప్పుడు సైగ ఏమిటి? బాకా, పిల్లనగ్రోవి, వీణ! ఆ బ్యాండు మోగితేనే వంగారు. మోగకపోతే నిటారుగా ఉండేవాళ్లేమో. ఆమోసు ప్రవక్త దంతపు మంచాల మీద పడుకుని వాద్యాలు కల్పించుకునేవాళ్ల మీద ఎలా మండిపడ్డాడో మళ్లీ చదువు. నీకు దంతపు మంచం లేదని నాకు తెలుసు. అయినా చదువు.

పౌలు, సీల చెరసాలలో పాడినప్పుడు పక్కన ఎవడు ఫిడేలు వాయించాడు? చెప్పు! ఒట్టి గొంతులు! కాళ్లకి బొండ కొయ్య, ఒంటి మీద దెబ్బలు, ఒట్టి గొంతులు!

నేను బొగ్గు గనిలో కప్పుకి మేకులు దిగ్గొట్టి బతికినవాణ్ణి. బడి మెట్లు సరిగా ఎక్కలేదు. మాజెల్ ఎదురుగా కూర్చుని వేలు పెట్టి చూపిస్తే వాక్యం చదవడం నేర్చుకున్నాను. నా దగ్గర ఉన్నదల్లా ఆ నిలబడే చోటు ఒక్కటే. ఆ పలకలమీద నిలబడి నోరు తెరిస్తే దేవుడు నింపుతాడు, ఆ చోటు పోతే నేను మోకాళ్ల నొప్పుల ముసలోణ్ణి, అంతే. అది అడక్కు. ఇంకేదైనా అడుగు. మాజెల్ చేసిన ఎండు యాపిళ్ల కేకు అడుగు.

నీ అన్న
ఆర్విల్

తా.క. నాకు అవసరం లేదు కానీ అడుగుతున్నాను. మూడో చరణం ఏమని పాడుతున్నావు? "దీపం చిన్నది, దారి పెద్దది" అని మాత్రం పాడకు. "దారి" కాదు, "గని". నీకు చిన్నప్పటి నుంచీ మూడో చరణం రాదు.


కూపర్స్ గ్యాప్
మార్చి ఆఖరు

అన్నయ్యా,

పౌలు, సీల పాడినప్పుడు ఫిడేలు ఎవడు వాయించాడని అడిగావు. భూకంపం వాయించింది. తలుపులన్నీ ఊడిపడేలా వాయించింది. అధ్యాయం సగంలో ఆపి నన్ను బెదిరించకు, నేనూ ఆ లోయలో పుట్టినదాన్నే.

ఎలీషా ప్రవచనం చెప్పమంటే ఏమన్నాడు? "వాయించేవాణ్ణి పిలవండి" అన్నాడు. వాయించాకే ఆత్మ దిగింది. సితారా వాయించిన దావీదు సంగతి ఎత్తను, పాపం నువ్వు దావీదు పేరు నీ ఉత్తరంలో ఎంత జాగ్రత్తగా తప్పించావో చూసి జాలేసింది.

మూడో చరణం నేను "దారి" అనే పాడుతున్నా. తప్పే. సరిదిద్దేవాడు రానంటున్నాడు, ఏం చెయ్యను? రికార్డు అచ్చయిపోతే ఇక లోకం ఉన్నంతకాలం "దారి"యే. మన అమ్మ గనిలో దిగిన నాన్న కోసం కట్టిన పాట, ఎవరో రోడ్డు మీద నడుస్తున్నట్టు ఉండిపోతుంది. నీ ఇష్టం.

ఇంకో మాట. అమ్మ పాటకి గిటారు లేదు, బాంజో లేదు, ఏమీ లేదు. ఒట్టి గొంతులే. కీఫర్ నుంచి మాట తీసుకున్నా. వాద్యం తగలని పాట పాడితే సంఘానికి ఏం నొప్పి?

డెల్ఫా

వదినకి: కేకు పంపించు. ఆయన్ని అడక్కుండా పంపించు.


లిక్ ఫోర్క్
ఏప్రిల్

డెల్ఫా,

ప్రార్థన చేశాను. ఉపవాసం కూడా ఉన్నాను, మధ్యాహ్నం దాకా. ఒట్టి గొంతుకి అడ్డు చెప్పే వాక్యం ఆదికాండం నుంచి ప్రకటన దాకా దొరకలేదు. "గని" విషయంలో మాత్రం నా మనస్సాక్షి నన్ను నిద్రపోనివ్వడం లేదు.

వస్తాను. కానీ ఆ కొట్టంలో నేనున్నంతసేపూ ఒక్క తంతి కూడా ఉండకూడదు. గోడకి వేలాడేది, మూల నిలబడేది, పెట్టెలో దాక్కునేది, అన్నీ బయటికి. ఆకాను గుడారంలో దాచిన దానివల్ల ఇశ్రాయేలు అంతా ఓడిపోయింది, గుర్తుందిగా. ఆ గడ్డపాయన బూతులు మాట్లాడకూడదు. నేను పాడేటప్పుడు చెయ్యి ఊపి "మళ్లీ" అనకూడదు. దేవుడికి పాడినదాన్ని మళ్లీ పాడటం ఏమిటి, ఆయనకి మొదటిసారి వినపడలేదా?

సోదరుడు కార్బెట్ స్లోన్‌కి ఈ సంగతి చెప్పలేదు. ఆయన సంగతి నీకు తెలుసు. పోయిన ఏడాది గుడి తలుపు కిర్రుమంటే అది రాగంలో ఉందని నూనె పోయించాడు.

ఆర్విల్


కూపర్స్ గ్యాప్
మే

అన్నయ్యా,

చెప్పకుండా వెళ్లిపోయావేం? కీఫర్ భార్య నీ కోసం మొక్కజొన్న రొట్టె చేసి పెట్టుకుని కూర్చుంది పాపం.

నీకు తెలియడం కోసం రాస్తున్నా, పియానో ఇంకా పచ్చిక బయల్లోనే ఉంది. "తంతులు లోపల దాక్కున్నాయి" అని నువ్వు పట్టుబడితే నలుగురు మనుషులు దాన్ని బయటికి తోశారు. లోపలికి తెచ్చేటప్పటికి ఇద్దరే మిగిలారు. ఆవులు చుట్టూ చేరాయి. ఒకటి నిన్న ముక్కుతో ఒక మెట్టు నొక్కింది, నొక్కి భయపడి పారిపోయింది. నీ సంఘంలో చేర్చుకోవచ్చు దాన్ని.

నేను నవ్వలేదు, ఒట్టు. నువ్వు కళ్లు మూసుకుని, చెవి మీద చెయ్యి పెట్టుకుని "కొండ దిగే నీళ్లకు దారి ఎవరు చెప్పారు" అని అందించి ఆగావు చూడు, నా ఒళ్లు జలదరించింది. అమ్మే చేను చివర నిలబడినట్టుంది. నేను అందుకోకుండా నీ మొహమే చూస్తున్నా. కీఫర్‌కేం తెలుసు, నువ్వు మర్చిపోయావనుకుని పాట రాసిన కాగితం చూపించాడు. నువ్వు కళ్లు తెరిచి "ఏం, ఇక్కడ బతికున్నవాళ్లు ఎవరూ లేరా?" అన్నావు. అప్పుడు నేను అందుకున్నా. "ఒక్క గొంతు సంఘం కాదు" అన్నావు. అన్నావు సరే, పాట మొత్తం అందించావు, ప్రతి లైను దగ్గరా ఎదురుగా నిండా జనం ఉన్నట్టే ఆగావు. ఆపైన ప్రసంగం మొదలుపెట్టావు! యెహెజ్కేలు ఎండిన ఎముకల నుంచి ఎత్తుకున్నావు, ఎక్కడ దించావో నాకే తెలీదు. పౌలు ప్రసంగానికి కునికి కిటికీలోంచి పడ్డ ఐతుకులాగా కీఫర్ కుర్చీలోంచి జారాడు. అదృష్టం, మేడ మీద కిటికీ కాదు.

ఇప్పుడు నీ సలహా కావాలి. నువ్వు ఆగిన చోట్లు ఖాళీగా ఉన్నాయి. నా ఒక్క గొంతు అక్కడ చలికి వణుకుతున్న పిల్లలా ఉంది. కీఫర్ నా గొంతునే పదిసార్లు పాడించి ఒకదాని మీద ఒకటి పేరుస్తానంటున్నాడు. వింటే సంఘంలాగే ఉంటుందట. ఏమంటావు?

డెల్ఫా


లిక్ ఫోర్క్
మే

డెల్ఫా,

ఒక్క మనిషిలోంచి అనేక గొంతులా! గెరాసేనుల సమాధుల్లో దయ్యాలు పట్టినవాడొకడు అలాగే మాట్లాడాడు. పేరేమిటని ప్రభువు అడిగితే "సేన" అన్నాడు. తర్వాత పందుల గతి ఏమైందో నీకు తెలుసు. ఆ గడ్డపాయన దగ్గర పందులున్నాయా?

వద్దు. లేని జనాన్ని ఉన్నట్టు చూపించడం అబద్ధ సాక్ష్యం. నీ గొంతు కూడా తీసెయ్యి. నేను అందించినది అందించినట్టు ఉంచు, ఆగినచోట ఆగినట్టు ఉంచు. జవాబు ఇచ్చేవాళ్లు ఉంటే ఇస్తారు. లేకపోతే ఆ ఖాళీయే సాక్ష్యం.

రొట్టె విషయంలో ఆ తల్లికి నా వందనాలు చెప్పు. నేను చెప్పకుండా రావడానికి కారణం కోపం కాదు. అమ్మ పాట మొదటిసారి ఒక మగవాడి నోటినుంచి సంఘానికి అందించినట్టు అందించాను, ఎదురుగా సంఘం లేదు. ట్రక్కులో కూర్చుని కాసేపు తేరుకోవలసి వచ్చింది. ఈ మాట వదినకి చెప్పకు.

ప్రసంగం ఎలా పడింది? ఊరికే అడుగుతున్నాను. ఎముకలు ఒకదానికొకటి అతుక్కునే చోటు స్పష్టంగా వినబడుతుందా? రికార్డులో పెట్టాలని కాదు. వద్దన్నా పెడతారేమోనని.

ఆర్విల్


కూపర్స్ గ్యాప్
ఆగస్టు

అన్నయ్యా,

వచ్చేసింది! అట్ట మీద నా బొమ్మ వద్దన్నా, పచ్చికలో పియానో, చుట్టూ ఆవులు, అదే వేశాం. అందరూ అర్థం ఏమిటని అడుగుతున్నారు. గంభీరంగా మొహం పెట్టి ఊరుకుంటున్నా.

నీ ప్రసంగం పెట్టలేదు. పెడితే నా పాటలకి చోటు మిగలదు. నా గొంతు తీసేసి నీ ఖాళీలు మాత్రం అలాగే ఉంచాం. కీఫర్ మొదట నసిగాడు, "జనం తమ యంత్రం చెడిపోయిందనుకుంటారు" అని. తర్వాత ఒక్కడే కూర్చుని విన్నాడట, వచ్చి "తాకొద్దు" అన్నాడు. "ఇంత బరువు ఆఖర్న పెడితే జనం లేచి ఇంటికి వెళ్లలేరు" అని అమ్మ పాటని మధ్యకి జరిపాడు.

వదిన పేరు మీద ఒక సీడీ పంపాను, గిన్నెలు తుడిచే గుడ్డలో చుట్టి. నువ్వు వినకపోయినా ఫరవాలేదు.

ఒక చిన్న సంగతి ఉంది. కలిసినప్పుడు చెప్తాలే.

డెల్ఫా


లిక్ ఫోర్క్
సెప్టెంబరు

డెల్ఫా!

చిన్న సంగతా? చిన్న సంగతా?!

నీ వదిన ఆ రికార్డుని తీసుకెళ్లి పొద్దున్నే మరణవార్తలు చదివే రేడియో కుర్రాడికి ఇచ్చింది. నాకు చెప్పకుండా! అపొస్తలులతో అబద్ధమాడిన సప్పీరా కూడా మొగుడితో ఒక మాట అనుకుని చేసింది! అతను చావు కబుర్లు చదివి, "ఇప్పుడు మన సోదరుడు ఆర్విల్ కాడిల్ గొంతు" అని వేశాడు. లోయలో ప్రతి వంటింట్లోనూ మోగింది. నేను కోళ్ల దగ్గరుండి వినలేదు. సోదరుడు కార్బెట్ విన్నాడు. సగం గడ్డం గీసుకున్నాడట, మిగతా సగం నురగతోనే మా గుమ్మం ముందు దిగాడు.

"ఆర్విల్, నువ్వు బాంజోకి పాడావు" అన్నాడు.

"నేను ఒట్టి గొంతుతో పాడాను."

"ఆఖరి లైను నీ నోట్లో ఉండగానే బాంజో మొదలైంది. ఈ చెవులతో విన్నాను. కావాలంటే ఈ చెవి చూడు."

చూశాను. నురగ ఉంది.

అప్పుడు నీ వదిన నీళ్లు నమిలి చెప్పింది. అమ్మ పాట వెనకాలే, ఊపిరి తీసే సందు లేకుండా, నీ బాంజో పాట మొదలవుతుందట! ఇది నీ చిన్న సంగతి! బాంజో వచ్చి నా మడమ తొక్కిందమ్మా, యాకోబు ఏశావు మడమ పట్టుకుని పుట్టినట్టు!

వచ్చే నెల శనివారం సంఘ సమావేశంలో నా మీద ఆరోపణ. మా పద్ధతి నీకు తెలుసు. లేచి "తప్పు చేశాను, క్షమించండి" అంటే అక్కడితో సరి, అందరూ ఏడ్చి కౌగలించుకుంటారు. అనకపోతే నిలబడే చోటు పోతుంది.

ఆర్విల్


కూపర్స్ గ్యాప్
సెప్టెంబరు

అన్నయ్యా,

తప్పు నాదే. రెండు పాటల మధ్య ఊపిరి వదలమని కీఫర్‌కి చెప్పా. "ఆ పాటనిండా ఖాళీలే, ఇంకా ఖాళీ ఎందుకు" అని దోమ ఊపిరంత వదిలాడు. విన్నప్పుడే నాకు నువ్వు గుర్తొచ్చావు. కానీ అన్నయ్యా, ఆ సందులోంచి బాంజో దూకుతుంటే ఎంత బాగుందో! అందుకే చెప్పలేదు. బాగుందనే చెప్పలేదు.

ఇప్పుడు విను. ఉన్న రికార్డులు అమ్మడం ఆపించేశా. అమ్మ పాట తీసేసి మళ్లీ అచ్చు వేయిస్తాను. కీఫర్ ఒప్పుకున్నాడు. నువ్వు శనివారం లేచి ఆ ఒక్క మాట అనెయ్. "క్షమించండి" అంటే ఏం పోయింది? నువ్వు అంతకన్నా చిన్నవాటికి అన్నావు. కార్బెట్ గారి పుచ్చకాయ బాగోలేదన్నందుకు నిండు సంఘంలో లేచి ఏడ్చావు.

నీ చోటు పోతే నేను గిటారు ముట్టుకోలేను.

డెల్ఫా


లిక్ ఫోర్క్
అక్టోబరు

డెల్ఫా,

తీయకు.

ప్రసంగం ఎక్కువసేపు చేసినందుకు క్షమించమంటాను. పుచ్చకాయకి అన్నాను, మళ్లీ అంటాను. మాజెల్ మీద అరిచినందుకు రోజూ అంటున్నాను. అమ్మ పాట పాడినందుకు అనలేను. అంటే ఆ పాట తప్పయిపోతుంది. ఆవిడ బతికుండగా గుడిలో ఒక్కసారి కూడా అందించనివ్వలేదు, పోయాక తప్పని కూడా అనమంటావా?

రికార్డులు అమ్ముకో. గిటారు ముట్టుకో. నేను వాద్యాలకి వ్యతిరేకినే, ఆ సంగతి మర్చిపోకు.

అన్న


లిక్ ఫోర్క్
అక్టోబరు, సోమవారం

డెల్ఫా, డెల్ఫా,

కుర్చీలో కూర్చో. ఇది నువ్వు నాకు నేర్పిన పద్ధతే.

శనివారం గుడి నిండిపోయింది. చావుకి కూడా అంతమంది రారు. సంఘ పెద్దాయన ప్రార్థన చేసి, "సంఘం ముందున్న విషయం?" అన్నారు. కార్బెట్ లేచి చెప్పాడు. నన్ను అడిగారు. "పాట పాడినందుకు క్షమాపణ చెప్పను" అన్నాను. వెనక బల్లమీద ఎవరో "అయ్యో" అన్నారు.

పెద్దాయన పుస్తకం తెరిచి, "విన్నవాడు ఒక్కడే. ఇద్దరు ముగ్గురు సాక్షుల నోట స్థిరపడాలి కదా" అన్నారు. అప్పుడు నీ వదిన లేచి, ఏప్రాన్ లోంచి గిన్నెల గుడ్డ తీసి, గుడ్డలోంచి నీ రికార్డు తీసింది. "అందరూ విని అప్పుడు చెప్పండి" అంది. శత్రువు కణతలో దిగ్గొట్టడానికి యాయేలు గుడారపు మేకు తీసినట్టుంది ఆ తీయడం.

పాట వేసే యంత్రాన్ని గుడిలోకి తేవడానికి వీల్లేదని కార్బెట్. సరే, బయటికి పదండి అన్నారు. సీడీ వేసే పెట్టె పనిచేసే ట్రక్కు ఎవరిది? కార్బెట్‌దే! ఆయనే రొమ్ము విరుచుకుని లోపల పెట్టాడు, తలుపులు బార్లా తెరిచాడు. "ఇప్పుడు మీ చెవులతో వినండి" అన్నాడు.

నా గొంతు వచ్చింది. ఎవరిదో అనుకున్నాను. "కొండ దిగే నీళ్లకు దారి ఎవరు చెప్పారు" అని అందించి ఆగింది.

డెల్ఫా, మేము ఉగ్గుపాలతో నేర్చుకున్నది ఒక్కటే. అందించిన లైను నేలమీద పడనివ్వకూడదు. మా పద్ధతిలో పాట రానక్కర్లేదు, లైను అందితే చాలు. ముందు అందుకున్నది ఎవరనుకుంటున్నావు? కార్బెట్! చెయ్యి ట్రక్కు తలుపు మీద, నోరు ఆకాశానికి! ఆయన గొంతు ఆయన కన్నా ముందు వెళ్లిపోయింది. ఆయన వెనకాల ముసలమ్మలు, ఆ వెనక అందరూ. నువ్వు వదిలిన ఆ ఖాళీ ఉందే, కొలిచి కుట్టినట్టు సరిపోయింది. "నా కాళ్లకు చెప్పినవాడే వాటికీ చెప్పాడు" అని మళ్లీ నా గొంతు. మళ్లీ లోయంతా జవాబు. మొదటి చరణంలో రాగం కోసం తడుముకున్నారు, రెండో దానికి దొరికింది. "దీపం చిన్నది, గని పెద్దది" దగ్గరికి వచ్చేసరికి గనిలో మనుషుల్ని పోగొట్టుకోనిది ఎవరు అక్కడ? నేనూ పాడాను. నా గొంతు అందిస్తే నేనే అందుకున్నాను. ఇన్నేళ్లూ అందించేవాడిగా ఉండి, అందుకోవడం ఎంత తేలికో మర్చిపోయాను.

ఆఖరి లైనుకి మేము ఏం చేస్తామో నీకు తెలుసు. ఎవరూ చెప్పకుండానే కదిలారు. చేతులు కలపడం మొదలైంది. ముసలాళ్లు ఏడుస్తున్నారు, మెడలు కౌగలించుకుంటున్నారు. కార్బెట్ తడిసిన మొహంతో వచ్చి నా రెండు చేతులూ పట్టుకున్నాడు.

అప్పుడు దూకింది నీ బాంజో!

ఎవరైనా వెళ్లి ఆపాలి. కానీ ఎలా? లోయలో ఒక్కరి చెయ్యి ఖాళీగా లేదు! చెయ్యి విడిపించుకుంటే సహవాసం తెంచినట్టు. పట్టుకుని ఉంటే బాంజోకి ఊగినట్టు. నేను కార్బెట్‌ని చూశాను, కార్బెట్ నన్ను చూశాడు, ఇద్దరం ట్రక్కుని చూశాం. చేతులు అలా ఊగుతూనే ఉన్నాయి. నీ పాట మొత్తం అయిపోయింది. బిస్కెట్లు మాడిపోయిన పాట. మధ్యలో ఒక ముసలమ్మ "ఎవరే ఆ పిల్ల, చక్కగా పాడుతోంది" అంది. "జెల్లా కూతురు" అని అమ్మ పేరు చెప్పారు. "ఓ, అందుకా" అంది.

లోపలికి వెళ్లి కూర్చున్నాం. పెద్దాయన గొంతు సవరించుకుని, "సోదరుడు కార్బెట్, నీ ఆరోపణ?" అన్నారు.

కార్బెట్ లేచాడు. దేవుడు నోరు తెరిపించిన బిలాము గాడిద కూడా మాటకి అంత తడుముకోలేదు. "బాంజో మొదలైన మాట నిజమే. కానీ అప్పుడు ఆర్విల్ పాడటం లేదు" అన్నాడు.

"మరేం చేస్తున్నాడు?"

"చేతులు కలుపుతున్నాడు."

"ఎవరితో?"

కార్బెట్ తన రెండు అరచేతులూ చూసుకున్నాడు.

"నాతో" అన్నాడు.

పెద్దాయన పుస్తకం మూసేశారు. "ఇంకేమైనా విషయం ఉందా?" అన్నారు. గుడి కప్పు కారుతోందని ఒకరు అన్నారు. దాని మీద మాట్లాడుకున్నాం.

నిన్న ఆదివారం నన్ను నిలబడమన్నారు. నిలబడ్డాను. కప్పుకి మేకులు కొట్టినవాణ్ణి, కాళ్ల కింద పలకలు ఇంత గట్టిగా ఎప్పుడూ అనిపించలేదు. ముందు అమ్మ పాట అందించమని అడిగారు, గుడిలో, అందరి ముందూ. అందించాను. డెల్ఫా, వాళ్లు అందుకున్నారు. ఆవిడ చేను చివర నుంచి విని ఉంటుంది, అంతకన్నా రాయను.

కార్బెట్‌ని రికార్డు తిరిగి ఇమ్మంటే, ట్రక్కులో ఇరుక్కుంది, రావడం లేదంటున్నాడు. నేను అడిగినప్పుడే ఇరుక్కుంటోంది.

ఒక్క సంగతి మాత్రం నీకు చెప్పి తీరాలి, ఇది నీ మీద ఫిర్యాదు. నిన్న ఆఖరి లైను అయిపోయింది. చేతులు కలపాలి. ఎవ్వరూ కదల్లేదు. అందరూ లేచి, తలలు ఒక పక్కకి వాల్చి, దేనికోసమో చెవులు రిక్కించి నిలబడ్డారు. వాళ్లు దేనికోసం ఆగారో నాకు తెలుసు. నాకు తెలుసని వాళ్లకి తెలుసు. అంతటి నిశ్శబ్దంలో ఎవరిదో చెప్పు నేలమీద మెల్లగా తాళం వెయ్యడం మొదలుపెట్టింది. ఎవరిదో నేను చూడలేదు. కిందికి చూస్తే నాదే అవుతుందేమోనని చూడలేదు.

ఆర్విల్